బంతిలో వలపక్షం

మా ఆయన కనిపెట్టింది పాచి. ఆ మాట ఆయన ముందు అంటే మాత్రం ఊరుకోడు. "పాచి కాదు సుభా, నీలి ఆకుపచ్చ శైవలం. నువ్వు పీల్చే గాలి ఈ భూమ్మీద మొదట తయారుచేసింది అదే," అని పాఠం మొదలుపెడతాడు. నేను ఆకివీడు దగ్గర చేపల చెరువుల గట్టున పుట్టి పెరిగినదాన్ని. చెరువులో పాచి పెరిగిందంటే మా నాన్నకు ఆ పూట అన్నం సయించేది కాదు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నాకు, గాజుసీసాల నిండా పాచి పెంచి, దానికి ఏసీ పెట్టి, పక్కన కూర్చుని మురిసిపోయే మొగుడు దొరికాడు. మా ఇంట్లో ఏసీ లేదు, పాచికి ఉంది. నా పేరు సుభాషిణి. నోరు చూడకుండా ఆ పేరు పెట్టేశారని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉండేది.

ఆయన పేరు ఫణికుమార్. సాలూరు దాటి కొండల వైపు వెళ్ళే దారిలో ఉన్న శైవల పరిశోధన కేంద్రానికి ఆయనే పెద్ద. కేంద్రం వెనక మా క్వార్టర్సు. రోడ్డుకు అవతల ఒక ట్రస్టువాళ్ళు నడిపే బడి, ఆడపిల్లల హాస్టలు. కొండమీది ఊళ్ళ పిల్లలు అక్కడ ఉండి చదువుకుంటారు. మా ఒక్కగానొక్క కూతురు ఇందుజ కూడా ఆ బడిలోనే నాలుగో తరగతి చదివేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పప్పుకు తాలింపు పెడుతుంటే, నల్లగుడ్డ చుట్టిన సీసా ఒకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. గుడ్డ విప్పి నా మొహం ముందు పెట్టాడు. అడుగున నీలంగా, పచ్చగా, చిక్కగా ఏదో పేరుకుని ఉంది.

"నెల్లాళ్ళు బీరువాలో చీకట్లో పెట్టాను. గంజి తప్ప ఇంకేమీ పొయ్యలేదు. చచ్చిందా? చావలేదు. పైగా పెరిగింది," అన్నాడు.

"చీకట్లో పెరిగే పాచిని చూపించడానికి సీసా దేనికండీ? మన స్నానాల గది గోడ చూపిస్తే సరిపోయేది," అన్నాను.

ఆయన నవ్వలేదు. గరిటె నా చేతిలోంచి తీసుకుని పప్పుగిన్నెలో తిప్పాడు. "ఇది ఎందుకు తింటున్నాం? ఒంటికి మాంసకృత్తులు కావాలని. కంది మొక్క గాలిలో ఉన్న నత్రజనిని పట్టుకుంటుంది కాబట్టి పప్పులో అవి ఉంటాయి. ఈ పాచి..." తనే ఆ మాట అనేసి నాలిక కరుచుకున్నాడు. "ఈ శైవలం కూడా గాలినే పట్టుకుంటుంది. పైగా మనిషి పేగుల్లో, చీకట్లో బతుకుతుంది. మనిషి గంజి తాగితే దాంట్లో కాస్త ఇది తింటుంది, తిని మాంసకృత్తులు తయారుచేసి మనిషికిస్తుంది. గంజి తాగిన పిల్ల పప్పన్నం తిన్న పిల్లలా పెరుగుతుంది సుభా! ఒక్కసారి లోపల కుదురుకుంటే చాలు, జన్మంతా ఉంటుంది."

నిజం చెప్పొద్దూ, నాకు గర్వం వేసింది. రోడ్డవతలి పిల్లల్ని నేను రోజూ చూస్తున్నదాన్నే. కాళ్ళు పుల్లలు, పొట్టలు ముందుకు, జుట్టు రాగిరంగు. మొదట్లో అదేదో ఆ పిల్లల అందం అనుకున్నాను. ఆకలికి జుట్టు అలా ఎర్రబడుతుందని ఆయనే చెప్పాడు.

జూన్‌లో బడి తెరిచారు. పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చిన తల్లుల్ని హాస్టలు వరండాలో కూర్చోబెట్టి ఆయన సంగతంతా చెప్పాడు. సగం మంది పిల్లలకు పొద్దున అంబలిలో ఈ మందు కలుస్తుంది. మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే తోటకూర ముద్ద కలుస్తుంది. ఏడాది పోయాక రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎవరికి ఏది పడుతోందో తెలిస్తే పరీక్ష చెడిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియనివ్వరు.

వెనక నిలబడ్డ ఒక తల్లి, చంకలో పసిదాన్ని సర్దుకుంటూ అడిగింది. "మీ గుంటకి కూడా ఎడతారేటి బాబూ?"

పక్కవాళ్ళు ఆమె మోచెయ్యి లాగారు. మా ఆయన మాత్రం తడుముకోలేదు. నా పక్కన నిలబడ్డ ఇందు చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళాడు. "ఇదిగో నా కూతురు. ఒక్కతే. రేపటి నుంచి మీ పిల్లల బంతిలోనే కూర్చుని ఆ అంబలే తాగుతుంది. దానికి ఏది పడుతుందో నాకూ తెలీదు," అన్నాడు.

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ ఒప్పుకున్నారు. ఇంటికొచ్చాక గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. "నన్ను ఒక్క మాట అడగక్కర్లేదా? కన్నది నేను కాదా?" అని అరిచాను. "ఊరి పిల్లలకి పెట్టేది మన పిల్లకి పెట్టకపోతే నేనేం మనిషిని సుభా?" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు గానీ, ఆ రెండు రోజుల్లోనే ఆయన మీద నాకెప్పుడూ లేనంత గౌరవం కలిగింది. ఆ గౌరవాన్ని ఇప్పుడు తలుచుకుంటే నోట్లో చేదుగా ఉంటుంది.

హాస్టల్లో వంట చేసేది పైడితల్లి. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. పొద్దున్నే ల్యాబు నుంచి రెండు డబ్బాలు వెళ్ళేవి, ఒకటి నీలం మూత, ఒకటి తెల్ల మూత. నీలం మూత ముద్ద ఒక తపేలాలోని చోడి అంబలికి (ఇక్కడ రాగుల్ని చోళ్ళంటారు), తెల్ల మూత ముద్ద ఇంకో తపేలాకు. పిల్లల స్టీలు గ్లాసుల మీద కూడా నీలం గీతలు, తెల్ల గీతలు గీయించాడు మా ఆయన. ఇందుది తెల్ల గీత. దాని పక్కన కూర్చునే చిలకమ్మదీ తెల్ల గీతే. ఇద్దరికీ నాలుగు రోజుల్లో ఒకరినొకరు విడిచి ఉండలేనంత స్నేహం కుదిరింది.

నేను కాస్త తీరిక చేసుకుని వెళ్ళి వరండాలో నిలబడి చూసేదాన్ని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. పైడితల్లి దగ్గర ఆ పప్పులుడకవు. "నాకు ఇంకొంచెం పొయ్యవా పైడితల్లీ?" అని మా ఇందు గ్లాసు చాపితే, "కూకో బంగారం. కడాపల కూకున్న పిల్లకి పోసినాక మిగిల్తే నీకే," అనేది. పెద్దసారు కూతురని ఒక్క చుక్క ఎక్కువ పోసేది కాదు. ఎంత నిక్కచ్చి మనిషో అని ముచ్చట పడేదాన్ని.

శ్రావణం వచ్చేసరికి పిల్లల తలలు చూస్తే నా కళ్ళనే నేను నమ్మలేకపోయాను. కుదుళ్ళ దగ్గర జుట్టు నల్లగా వస్తోంది. బుగ్గలు తేరాయి. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడి అరిచి గోల పెడుతున్నారు. ఇంట్లో మాత్రం మా ఆయన మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు.

"తేడా రావడం లేదు," అనేవాడు. "రెండు గుంపులూ ఒకేలా బాగుపడుతున్నాయి. ఒక గుంపు పెరగాలి, ఒక గుంపు ఆగిపోవాలి. అప్పుడు కదా నాది పనిచేసినట్టు!"

"పిల్లలందరూ బాగుపడితే ఏడుస్తారేమిటండీ? విడ్డూరం కాకపోతే!"

"నీకు అర్థం కాదు. వేళకి వేడిగా అంబలి పడుతోంది, దాంతోనే బాగుపడుతున్నారు. నా శైవలం చేసిందేమీ లేదు. పదేళ్ళ పని సుభా, గంగలో కలిసింది." సగం మంది పిల్లలు పుల్లల్లాగే ఉండిపోతే ఆయనకు నిద్ర పట్టేది కాబోలు. ఆ మాట పైకి అనేశాను కూడా. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఊళ్ళో అమ్మవారి పండగ వచ్చింది. ల్యాబులో ఎలుకల గది చూసుకునేవాడు పండక్కి పోయి, ఒళ్ళు తెలియకుండా తాగి, రెండు రోజులు పనిలోకి రాలేదు. నేను మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ తీసుకెళ్ళేసరికి ఆ గది తలుపు తీసి ఉంది. పాచి పెట్టిన ఎలుకలన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. పాచి పెట్టని ఎలుకలు ఆకలికి కమ్మీలు కొరుకుతున్నాయి గానీ బతికే ఉన్నాయి. మా ఆయన ఒక ఎలుకను కోసి బల్లమీద పెట్టి చూస్తున్నాడు. దాని కాలేయం నల్లగా, మెత్తగా, కుళ్ళిన నేరేడుపండులా అయిపోయింది.

"ఏమైందండీ?"

"తిండి లేక లోపల శైవలం అంతా ఒక్కసారిగా చచ్చింది," అన్నాడు. "చచ్చేటప్పుడు కణాలు పగిలి విషం వదిలాయి."

నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. చెరువులో పాచి ముదిరినప్పుడు తెలియనివాళ్ళు మైలుతుత్తం ఒక్కసారే గుమ్మరిస్తారు. పాచి చస్తుంది, తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోతాయి. "అయితే పిల్లలు ఒక్కరోజు తినకపోతే?" అన్నాను.

"తింటున్నారుగా."

"జ్వరమొస్తే? మాత్ర వేస్తే?"

"అన్ని మాత్రలూ కాదు. క్రిముల్ని చంపేవి వెయ్యకూడదు. అవి దీన్నీ చంపుతాయి."

"తీసెయ్యండి. వాళ్ళ కడుపుల్లోంచి ఇవాళే తీసెయ్యండి."

ఆయన చేతులు కడుక్కుంటూ నావైపు చూడకుండా చెప్పాడు. "తియ్యడమంటే చంపడమే. చంపితే పగులుతుంది." తర్వాత తుండుతో చేతులు తుడుచుకుని హాస్టలుకు వెళ్ళి పైడితల్లిని పిలిచి, ఏ పిల్లకు జ్వరమొచ్చినా సరే అంబలి మాన్పించొద్దని, తనకు చెప్పకుండా ఏ మాత్రా వెయ్యొద్దని గట్టిగా చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. తల్లులకు అసలు కబురే పెట్టలేదు.

ఆ రోజు నుంచి నా బతుకు బతుకు కాదు. ఇందు వెనకాల గిన్నె పట్టుకుని తిరిగేదాన్ని. "ఆకలి లేదమ్మా" అన్నా ఒక ముద్ద నోట్లో పెట్టేదాకా వదిలేదాన్ని కాదు. బడి విరామంలో అరటిపండు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేదాన్ని. పిల్లలు నవ్వేవారు. ఇందు సిగ్గుతో చచ్చిపోయేది. మా ఆయన ఇదంతా చూస్తూనే ఉండేవాడు. "ఊరికే కంగారు పడకు" అనేవాడే గానీ, ఇంకో ముక్క చెప్పేవాడు కాదు.

దసరా సెలవులు ఇంకో నాలుగు రోజులు ఉన్నాయనగా ఇందుజకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. బడి దగ్గరి డాక్టరు చూసి, విషజ్వరంలా ఉందని మాత్రలు రాశాడు. అవి ఏ మాత్రలో నాకు తెలుసు. చీటీ గుప్పెట్లో నలిపేసి, అంబలి కాచి గ్లాసులో పోసి మంచం దగ్గర కూర్చున్నాను. ఇందు ఒక గుక్క తాగి వాంతి చేసుకుంది. మళ్ళీ పట్టించబోయాను.

మా ఆయన వచ్చి గ్లాసు తీసుకున్నాడు. "ఎందుకు దాన్ని హింస పెడతావు? లంఖణం పరమౌషధం అన్నారు. రెండు రోజులు కడుపు ఖాళీగా ఉంచి మాత్రలు వేద్దాం, అదే తగ్గుతుంది."

"మతి ఉండే మాట్లాడుతున్నారా? ఎలుకల సంగతి మర్చిపోయారా?"

ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు. "దాని కడుపులో ఏమీ లేదు సుభా. దానిది తెల్ల మూత. తెల్ల మూత తోటకూర."

"మీకెలా తెలుసు?"

"నేనే పెట్టాను కదా."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఎవరికీ తెలియదని చెప్పిన సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఆ తల్లుల ముందు కూతురి చెయ్యి పట్టుకుని నిలబడినప్పుడే, దాని గ్లాసు మీద తెల్ల గీత గీయించాలని నిర్ణయించుకుని ఉన్నాడు. నేను గిన్నె పట్టుకుని పిచ్చిదానిలా తిరిగిన అన్నాళ్ళూ నోరు విప్పలేదు. తెలిస్తే ఎక్కడో ఒకచోట నేను కక్కేస్తానని ఆయన భయం.

ఆ క్షణంలో ఆయన చెంప పగలగొట్టాల్సింది. నేనేం చేశానో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చాను, ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. నా మొగుడు అబద్ధాలకోరు, నా బిడ్డ క్షేమం. అంతకన్నా ఏం కావాలి నాకు? లేచి మంచినీళ్ళు తెచ్చి, నా చేత్తో నేనే మాత్ర వేశాను.

సాయంత్రం పైడితల్లి వచ్చింది. చేతిలో మూత పెట్టిన గ్లాసు, కొంగు కప్పి తెచ్చింది. "పాప బంతికి రాలేదని అంబలి తెచ్చినానమ్మా. గోరెచ్చగా ఉంది, ఎట్టండి."

మా ఆయన గుమ్మంలోనే ఆపేశాడు. "ఇప్పుడేమీ వద్దు పైడితల్లీ. లంఖణం ఉంచాం."

"అదేటి బాబూ? జొరమొచ్చినా అంబలి మానొద్దని తవరే కదా సెప్పినారు?"

"అది వాళ్ళకి," అన్నాడు.

పైడితల్లి నోరు తెరిచి ఏదో అనబోయింది. అనలేదు. నావైపు ఒకసారి చూసి, గ్లాసు మళ్ళీ కొంగు కింద పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మనిషి మనసు నొచ్చుకుందని మాత్రం నాకు తెలిసింది. తర్వాత సర్దిచెబుదాంలే అనుకున్నాను.

మర్నాడు జ్వరం తగ్గింది. "చూశావా?" అన్నాడు. ఆ మర్నాడు పొద్దున ఇందు కళ్ళు తెరిస్తే కళ్ళు పచ్చగా ఉన్నాయి, పసుపు నీళ్ళు పోసినట్టు. నన్ను చూసి "చిలకమ్మా" అంది. నేను అమ్మనని గుర్తు పట్టలేదు. వాంతి నల్లగా అయింది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళే దారి పొడుగునా దాని తల నా ఒళ్ళో ఉంది. మా ఆయన ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి దాని కళ్ళే చూస్తూ, "తెల్ల మూత కదా, తెల్ల మూత కదా" అని అదే మాట.

కాలేయం పూర్తిగా పోయిందని, ఏం తిన్నదో ఏం తాగిందో చెప్పమని డాక్టర్లు అడిగారు. ఆయన జవాబు చెప్పకుండా బయటికి పరిగెత్తాడు. ఎక్కడ సంపాదించాడో, గంజి పట్టుకొచ్చాడు. మా ఇందు నోట్లో, ముక్కులో గొట్టాలు ఉండగానే స్పూనుతో పెదవుల మధ్య పొయ్యబోయాడు. "ఒక్క గుక్క తాగు నాన్నా, ఒక్క గుక్క, మా అమ్మవు కదూ," అని బతిమాలాడు. నర్సులు ఆయన్ని రెక్క పట్టుకుని లాగేశారు. గంజి దాని మెడ మీద నుంచి దిండు మీదికి కారింది. అది తుడవడానికి కొంగు తీశాను, అప్పటికే నా బిడ్డ పోయింది.

చిన్నపిల్ల కాబట్టి పెద్ద కర్మలేమీ లేవన్నారు. మూడో రోజున పాలు పోసి వచ్చారు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక పైడితల్లి వచ్చి గడప అవతల నేలమీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"పాప కడుపులో ఆ మందు ఉంటే లంఖణం పనికిరాదంట కదమ్మా. ల్యాబులో ఓలో అనుకుంటంటే ఇన్నాను," అంది.

"దాని కడుపులో లేదు పైడితల్లీ. దానిది ఉత్త డబ్బా," అన్నాను. లేకపోతే ఎలా పోయిందన్నది నాకూ అర్థం కాలేదు. ఆయన గోడకు చేరబడి కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా అలాగే ఉన్నాడు.

పైడితల్లి నేలమీద అరచేత్తో రాస్తూ ఉండిపోయింది. "ఉత్త డబ్బా నేదమ్మా," అంది చివరికి. "ఒక బంతిన కూకోబెట్టి, సగం మంది గుంటలకి మందు పోసి, సగం మందికి ఆకులు రుబ్బి పోస్తానేటి? బంతిలో వలపచ్చం సేస్తే పుట్టగతులుంటాయా? నా సెయ్యి ఆడనేదు. రెండు డబ్బాలూ పెద్ద గుండిగలో పోసి కలిపీసినాను. సూసినోళ్ళకి తెలవకుండా మళ్ళీ రెండు తపేలాల్లోకి తీసీదాన్ని. అందరు గుంటలూ ఒకటే తాగినారు. పాపా అదే తాగింది."

ఆమె కళ్ళు తుడుచుకోకుండానే చెప్పుకుపోయింది. "ఆ రోజు గుమ్మంలోనే సెబుదునమ్మా. 'అది ఆళ్ళకి' అన్నారు బాబు. ఆ మాటకి కడుపు రగిలిపోయి నోరు మూసీసినాను. సెప్పుంటే పాప బతుకును. నన్ను సంపీయండి."

గోడ దగ్గర మా ఆయన లేచాడు. ఆమెను కొడతాడేమో అనుకుని నేనూ లేచాను.

"మొదటి రోజు నుంచీ కలిపావా?" అన్నాడు.

"మొదటి దినం కాడనుంచీ బాబూ."

"ఒక్కరోజు కూడా మానకుండా?"

"మాన్నేదు."

ఆయన మొహం చూస్తున్నాను. మూడు రోజులుగా మట్టిముద్దలా ఉన్న మొహం మెల్లిగా విప్పారింది. కళ్ళు వెలిగాయి. "అయితే పనిచేసింది!" అన్నాడు. "సుభా, పనిచేసింది! తేడా ఎందుకు రాలేదో చూశావా? రెండు గుంపులూ అదే తాగాయి! అందరి జుట్టూ నల్లబడింది! అంబలి వల్ల కాదు, నా..."

అక్కడ ఆగాడు. తను ఎక్కడ నిలబడి ఏం మాట్లాడుతున్నాడో అప్పటికి తెలిసినట్టుంది. ఇందు మంచం మీద పక్కబట్టలు ఇంకా తియ్యలేదు. "నా ఉద్దేశం అది కాదు," అన్నాడు.

మా పెళ్ళిచూపుల్లో ఆ మొహంలో అంత వెలుగు లేదు. ఇందు పుట్టినప్పుడూ లేదు. నా నోటికి మొదటిసారి మాట దొరకలేదు. వందమంది తల్లుల ముందు ఆయన ఆడిన అబద్ధాన్ని పైడితల్లి నిజం చేసింది, అంతే. ఆ పిచ్చిది తనను చంపమంటోంది.

నేనే అడిగాను. "పిల్లలు ఎక్కడున్నారు?"

"సెలవులిచ్చీసినారు కదమ్మా. నిన్ననే కొండెక్కిపోనారు," అంది పైడితల్లి.

ఏ ఇంట్లో ఏ పిల్లకు ఒళ్ళు వెచ్చబడినా అక్కడ మొదట చేసేది లంఖణమే. మందులషాపువాడు చీటీ లేకుండా ఇచ్చేదీ ఆ మాత్రలే. "మీరే వెళ్ళి ఆ తల్లులకు చెప్పండి," అన్నాను ఆయనతో.

"చెబుతాను. కాని ఇప్పుడే కాదు," అన్నాడు. "ఇప్పుడు చెబితే కేంద్రం మూసేస్తారు. అంతా సరిగ్గా కూర్చి, పైవాళ్ళకు చూపించి, అప్పుడు... ఇందు ఊరికే పోయినట్టు కాకూడదు కదా సుభా?" బిడ్డ పేరు అలా వాడుకుంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. పైడితల్లి ఒక సంచి నిండా చోడిపిండి భుజాన వేసుకుని నా వెనకాలే వచ్చింది.

మొదట చిలకమ్మ వాళ్ళ ఊరికే వెళ్ళాం. దారిలో పైడితల్లి నాకన్నా ముందు నడిచింది, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చిలకమ్మ ఇంటి ముందు మేకపిల్లతో ఆడుతోంది. నల్లటి జుట్టు, రెండు జడలు. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి నా వెనక వెతికింది. "ఇందు రానేదా?"

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. కాని అబద్ధం చెబితే వాళ్ళమ్మ నా మాట ఎందుకు నమ్ముతుంది? ఆ పిల్ల ముందే చెప్పాను. మా ఇందుకు జ్వరమొచ్చింది, తిండి మాన్పించాం, మాత్రలు వేశాం, చచ్చిపోయింది. నీ కడుపులోనూ అదే ఉంది. చిలకమ్మ మేకపిల్లను వదిలేసి వాళ్ళమ్మ చీర పట్టుకుంది.

వాళ్ళమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "తీసీయండమ్మా," అంది. "మా గుంట కడుపులోంచి తీసీయండి."

"తియ్యడం కుదరదమ్మా. తియ్యబోతే చచ్చిపోతుంది."

"మరెన్నాళ్ళు ఇలాగ?"

"బతికున్నన్నాళ్ళూ. పొద్దునా రాత్రీ ఏదో ఒకటి కడుపులో పడాలి. జ్వరమొచ్చినా, వాంతులైనా, ఒక్కరోజు కూడా మానకూడదు."

ఆమె లోపలికి వెళ్ళి ఒక మట్టికుండ తెచ్చి నా ముందు వంచి చూపించింది. అడుగున రెండు గుప్పెళ్ళ గింజలు ఉన్నాయి.

"సోళ్ళు కోతకి రావాలంటే ఇంకా ఎన్నులు ముదరాల," అంది. "ఏటేటా ఈ రోజుల్లో ఒక రోజు తింటాం, ఒక రోజు పడుకుంటాం. దీన్ని హాస్టల్లో ఏసిందే అందుకమ్మా. నేని రోజున ఏటెట్టాల? సెప్పండి."

తిండి దొరకని పిల్లల కోసమే కదా ఆయన దాన్ని కనిపెట్టింది. నేను ఆ కుండలోకే చూస్తూ నిలబడ్డాను. పైడితల్లి భుజం మీది సంచి దించి, మూతి విప్పి, పిండి మొత్తం ఆ కుండలో పోసేసింది. ఇంకా ఎక్కాల్సిన ఊళ్ళు చాలా ఉన్నాయని, అన్ని ఇళ్ళల్లోనూ పిల్లలున్నారని నేను ఆమెకు చెప్పలేదు. చిలకమ్మ తల్లి కుండలో చెయ్యి పెట్టి ఆ పిండి ఎన్నాళ్ళకొస్తుందో చూసుకుంటోంది.